చల్లదనం ఉంది, బీరుకు చేరలేదు

ఫ్రిజ్ చల్లబడటం లేదని మెకానిక్‌ను పిలిస్తే మన ఊళ్ళలో మొదట వినిపించే మాట గ్యాస్ అయిపోయిందనే. కానీ ఫ్రిజ్‌లో గ్యాస్ వాడినకొద్దీ తరిగే సరుకు కాదు. ఎక్కడైనా కారితే తప్ప ఏళ్ళ తరబడి అదే గ్యాస్ గొట్టాల్లో తిరుగుతూ ఉంటుంది. అమెరికాలో పాత ఫ్రిజ్‌ను బీరు పీపాల పెట్టెగా మార్చుకునేవాళ్ళు ఈ సంగతి బాగా ఎరుగుదురు. వాళ్ళ గరాజులో ఫ్రిజ్ మొండికేసినప్పుడు లోపం చాలాసార్లు యంత్రంలో ఉండదు. చల్లదనం పుడుతూనే ఉంటుంది, బీరు దాకా వెళ్ళదు. ఈ విద్య సారమంతా ఆ చేరవేతలో ఉంది.

ఆ పెట్టెను అక్కడ కెగరేటర్ అంటారు. లోపల బీరు నింపిన స్టీలు పీపా, అంటే కెగ్గు. పక్కన కార్బన్ డయాక్సైడ్ సిలిండరు, దానికో రెగ్యులేటరు. బీరు బయటికి రావడానికి సన్నటి ప్లాస్టిక్ ట్యూబు, ఫ్రిజ్ నెత్తిన టవర్ అనే నిలువు గొట్టం, దానికి కుళాయి. నిలువు ఫ్రిజ్‌కు బదులు పైమూత డీప్ ఫ్రీజర్ వాడితే కీజర్ అంటారు. రెడీమేడ్‌వి కొట్లో దొరుకుతాయి. అయినా ఎవరో వదిలించుకుంటున్న ఫ్రిజ్‌ను తెచ్చుకుని, తొలిచి, బిగించుకోవడంలోనే వాళ్ళకు సరదా.

ఈ సరదా చట్టబద్ధం కావడానికి చాలా కాలం పట్టింది. 1933లో మద్యనిషేధం ఎత్తేశాక ఇంట్లో వైన్ చేసుకోవడానికి దారి దొరికింది గానీ బీరుకు దొరకలేదు. 1978 అక్టోబరులో జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం 1979 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చి, ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు, అంటే సుమారు 750 లీటర్లు, పన్ను లేకుండా కాచుకోనిచ్చింది. రాష్ట్రాలు తమ వంతు సమయం తీసుకున్నాయి. అలబామా, మిసిసిపీ 2013 దాకా ఒప్పుకోలేదు. ఇక పాత్రల సంగతి. శీతలపానీయాల కంపెనీలు సిరప్ పంపడానికి వాడిన 5 గ్యాలన్ల (19 లీటర్ల) స్టీలు పీపాలు, ఆ సిరప్ అట్టపెట్టెల్లోని సంచుల్లోకి మారిపోవడంతో గుట్టలుగా మిగిలాయి. వాటిని కారుచౌకగా కొని బీరు నింపుకున్నది ఇళ్ళలో కాచుకునేవాళ్ళే. పెప్సీ వైపు నుంచి వచ్చినవి బాల్‌లాక్, కోక్ వైపు నుంచి వచ్చినవి పిన్‌లాక్. ఒకదాని బిగింపు ఇంకోదానికి పట్టదు. పారేసే పీపా, పారేసే ఫ్రిజ్: ఈ సంప్రదాయం మొత్తం ఇతరులు వద్దనుకున్న సామాను మీద నిలబడింది.

ఫ్రిజ్ మీద బీరుకు పాత హక్కే ఉందనాలి. 1870లలో కార్ల్ ఫాన్ లిండే తన శీతలీకరణ యంత్రాన్ని పరీక్షించి చూసుకున్నది మ్యూనిక్‌లోని స్పాటెన్ బీరు కర్మాగారంలో. లాగర్ బీరు చలిలోనే పులియాలి. అంతవరకూ బీరు కాచేవాళ్ళు చెరువుల మంచుగడ్డల మీద, నేలమాళిగల మీద ఆధారపడ్డారు. మన వంటింట్లో పాలను కాపాడే యంత్రం వంశవృక్షంలో ఆ బీరు కర్మాగారాల డబ్బు ఉంది.

అమెరికన్ పద్ధతిలో డ్రాఫ్ట్ బీరు సుమారు 3 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉండాలి. అంత చల్లగా ఎందుకంటే రుచి ఒక్కటే కారణం కాదు, గ్యాస్. ద్రవం ఎంత చల్లగా ఉంటే అంత ఎక్కువ కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి ఉంచుకుంటుంది. ఎండలో పెట్టిన గోలీసోడా కొడితే సగం నేలపాలైనట్టే ఇక్కడా. మామూలు బీరుకు కావలసినంత గ్యాస్ 3 డిగ్రీల దగ్గర 11, 12 పీఎస్ఐ ఒత్తిడితో నిలుస్తుంది. అదే బీరు 8 డిగ్రీలకు పోతే 16 దాకా కావాలి. రెగ్యులేటరు మాత్రం 12 దగ్గరే ఉంటుంది, మిగతా గ్యాస్ నురగై గ్లాసులోకి వస్తుంది. కొత్తవాళ్ళు నురగ చూడగానే చేసే పని ఒత్తిడి తగ్గించడం. దాంతో బీరు తనలోని గ్యాస్‌ను ఇంకా వదులుకుంటుంది, ట్యూబులో బుడగలు కడతాయి, నురగ పెరుగుతుంది. ముందు చల్లబరచాలి, ఆ తర్వాతే రెగ్యులేటరు మీద చెయ్యి వెయ్యాలి. ట్యూబు పొడవూ లెక్కే: 5 మిల్లీమీటర్ల లోపలి వ్యాసమున్న ట్యూబు 8 నుంచి 10 అడుగులుంటే ఆ ఒరిపిడికి బీరు నెమ్మదించి వస్తుంది. అందంగా ఉండాలని 3 అడుగులకు కత్తిరిస్తే చిమ్ముతుంది.

అయితే అసలు 3 డిగ్రీలుందని ఎలా తెలుస్తుంది? ఫ్రిజ్ లోపలి చక్రం మీద 1 నుంచి 5 దాకా ఉన్న అంకెలు డిగ్రీలు కావు. లోపల వేలాడదీసిన థర్మామీటరు గాలి సంగతి చెబుతుంది, బీరు సంగతి కాదు. తలుపు తీసిన క్షణంలో గాలి వేడెక్కుతుంది, మూసిన కాసేపటికి చల్లబడుతుంది. 19 లీటర్ల ద్రవం అంత త్వరగా మారదు. 24 డిగ్రీల నుంచి 3 డిగ్రీలకు దిగాలంటే దానిలోంచి సుమారు 1,670 కిలోజూళ్ళ వేడిని లాగాలి, అదీ కదలని గాలి ద్వారా. సాయంత్రం పెట్టిన కెగ్గు రాత్రి భోజనానికి పనికిరాదు. కనీసం ఒక రోజు వదిలెయ్యాలి. బార్లలో వాడే 15.5 గ్యాలన్ల పెద్ద పీపా అయితే ఇంకా ఎక్కువ. తొందరుంటే పీపాను ముందు మంచునీళ్ళ తొట్టిలో నిలబెట్టడం ఏ ఫ్రిజ్ కన్నా వేగం.

కొలవడానికి చవకైన మార్గం: నీళ్ళు నింపిన సీసాను కెగ్గు పక్కన ఒక రాత్రి ఉంచి, థర్మామీటరును ఆ నీళ్ళలో ముంచి చూడటం. ఇంకో పరీక్షకు పరికరం కూడా అక్కర్లేదు. మొదటి గ్లాసు నురగతో వచ్చి రెండోది శుభ్రంగా వస్తే పీపాలో బీరు బాగానే ఉన్నట్టు, టవర్‌లో నిలిచిన ట్యూబు వేడెక్కినట్టు. వరసగా అన్ని గ్లాసులూ నురగే అయితే పీపానే చల్లగా లేదు, లేదా ఒత్తిడి, ట్యూబుల లెక్క తప్పింది. టవర్ జబ్బుకు మందు కంప్యూటర్‌లో వాడే చిన్న ఫ్యాను. దానికి ఒక గొట్టం తగిలించి, ఫ్రిజ్ అడుగు గాలిని టవర్ పైకంటా నెట్టిస్తారు. నా దృష్టిలో ఈ విద్యలో ఖర్చుకు మించి ఫలితమిచ్చేది ఈ ఫ్యానే. చల్లగాలి బరువు, అడుగున పేరుకుంటుంది. డీప్ ఫ్రీజర్‌లో అడుక్కీ పైకీ కొన్ని డిగ్రీల తేడా సులువుగా వస్తుంది. లోపల ఇంకో ఫ్యాను తిరిగితే ఆ తేడా చాలావరకు పోతుంది.

డీప్ ఫ్రీజర్ సొంత థర్మోస్టాట్ గడ్డకట్టించడానికే పుట్టింది, మామూలు బీరు సున్నాకు రెండు మూడు డిగ్రీల కింద గడ్డకడుతుంది. అందుకని బయట ఒక కంట్రోలరు పెట్టి ప్లగ్గును దానికి తగిలిస్తారు. ఫ్రీజర్ చక్రాన్ని పూర్తి చలికి తిప్పి ఉంచాలి, లేకపోతే రెండు థర్మోస్టాట్లు పోట్లాడుకుంటాయి. కంట్రోలరు సెన్సరును గాల్లో వేలాడదీయకూడదు. మూత తీసినప్పుడల్లా అది కంగారుపడి కంప్రెసర్‌ను ఊరికే లేపుతుంది. బీరు మట్టానికి కింద, పీపా ఒంటికి ఆనించి, పైన స్పాంజి ముక్క పెట్టి టేపు చుట్టాలి. కంప్రెసర్ ఆగాక మళ్ళీ మొదలవడానికి కొన్ని నిమిషాల వ్యవధి కూడా పెట్టాలి. ఆగీ ఆగగానే తిరిగి లేపితే దాని ఆయుష్షు తరుగుతుంది.

నిలువు ఫ్రిజ్‌ల కష్టాలు వేరు. రెండు తలుపుల ఫ్రిజ్‌లో చలి పుట్టేది పై ఫ్రీజర్ గదిలోనే. ఒక ఫ్యాను దాన్ని సందుల గుండా కిందికి పంపుతుంది. కెగ్గు ఆ సందుకు అడ్డంగా నిలబడితే పైన మంచు, కింద వెచ్చదనం. సందు ఖాళీగా ఉన్నా అదే పరిస్థితి అయితే లోపలి కాయిల్‌కు మంచు కప్పేసిందని అనుమానించాలి. ఫ్రిజ్ ఖాళీ చేసి, ప్లగ్గు తీసి, తలుపు తెరిచి ఒక రోజు ఉంచితే కరుగుతుంది. మళ్ళీ కడితే డీఫ్రాస్ట్ భాగం పాడైనట్టు, అప్పుడు మెకానిక్ అవసరమే. బయటి కంట్రోలరు మొత్తం కరెంటును ఆపుతూ ఉంటే ఆ డీఫ్రాస్ట్ టైమరు లెక్క తప్పి ఇదే జబ్బు రావచ్చు. కాబట్టి ఇలాంటి ఫ్రిజ్‌కు దాని సొంత థర్మోస్టాట్‌తోనే సర్దుకోవడం మేలు.

రంధ్రం చేసే పనిలోనే కొంపలు మునుగుతాయి. నిలువు ఫ్రిజ్ తలుపులో గ్యాస్ గొట్టాలుండవు, అక్కడ తొలవచ్చు. డీప్ ఫ్రీజర్ గోడల్లో ఉంటాయి. అందుకే తెలిసినవాళ్ళు గోడ ముట్టుకోరు. మూతకూ పెట్టెకూ మధ్య చెక్కతో చట్రం బిగించి కుళాయిలు ఆ చెక్కకే పెడతారు. టవర్ కోసం ఫ్రిజ్ పైభాగాన్ని తొలవక తప్పకపోతే కార్న్‌ఫ్లోర్‌ను స్పిరిట్‌లో కలిపి పలచగా పూసి కంప్రెసర్ నడిపిస్తారు. వేడి గొట్టం ఉన్న చోట పూత ముందు ఆరి గీతలా తేలుతుంది. కొత్త ఫ్రిజ్‌లు చాలావాటిలో ఉండేది ఐసోబ్యూటేన్, మండే గ్యాస్. గొట్టానికి చిల్లు పడితే నష్టం ఫ్రిజ్ ఒక్కదానితో పోదు.

గరాజు కూడా చెప్పుకోవలసినదే. టెక్సస్ వేసవిలో 40 డిగ్రీల గరాజులో, గోడకు నొక్కిపెట్టిన ఫ్రిజ్ వేడిని ఎటు వదులుతుంది? వెనక జానెడు సందు, దుమ్ము దులిపిన కాయిల్, కాగితం పెట్టి మూస్తే బిగువుగా పట్టే డోర్ రబ్బరు: సగం ఫిర్యాదులు వీటితో పోతాయి. అక్కడి మన తెలుగు ఇళ్ళలో గరాజులోని రెండో ఫ్రిజ్‌కు, అందులో ఇడ్లీపిండి ఉన్నా పచ్చడి జాడీలున్నా, ఇదే వర్తిస్తుంది. సిలిండరు గేజ్ చూసి మాత్రం కంగారుపడనక్కర్లేదు. గది వేడిలో 850 పీఎస్ఐ చూపించినది ఫ్రిజ్‌లోకి వెళ్ళగానే 500 పైచిలుకుకు దిగుతుంది. అది లీకు కాదు, చలి. లీకు అనుమానముంటే బిగింపుల మీద సబ్బునురగ పూసి చూడాలి.

ఇంగ్లండు పబ్బుల్లో పీపాలోనే పండే కాస్క్ ఏల్‌ను 11 నుంచి 13 డిగ్రీల మధ్య పోస్తారు. దానికి బయటి గ్యాస్ ఒత్తిడి ఉండదు, చేతిపంపుతో లాగుతారు. ఆ రుచి మరిగిన కొందరు అమెరికన్లు ఇదే పెట్టెలో కంట్రోలరును 12కు తిప్పి, కుళాయి బదులు పాత చేతిపంపు బిగించుకుంటారు. ఫ్యానూ సెన్సరూ అవే ఉంటాయి, వాటి చోట్లూ మారవు.