దారి తెలిసినవారి పనితనం

కజకిస్థాన్‌లోని అల్మాటీ నగరానికి దక్షిణాన, తియాన్‌షాన్ పర్వతాల్లో సుమారు 2,500 మీటర్ల ఎత్తున పెద్ద అల్మాటీ సరస్సు ఉంది. పూర్వం భూకంపానికి విరిగిపడిన కొండచరియలు ఏటికి అడ్డుపడి ఏర్పడిన సరస్సు ఇది. పొద్దున్నే బయలుదేరితే ఒక పూటలో చూసి రావచ్చు. ఆ పూటను క్షేమంగా నడిపించే గైడ్ల నేర్పు ఎంత మెచ్చుకున్నా తక్కువే.

వాహనం దిగాక నీటి గొట్టం వెంబడి నిటారు దారి మొదలవుతుంది. నగరంకన్నా ఇక్కడ గాలి పలచన. మంచి గైడు బృందంలో అందరికన్నా నెమ్మదిగా నడిచేవారి అడుగుతో తన అడుగు కలుపుతాడు. ఆయాసం ముదరకముందే ఆపుతాడు, నీళ్లు తాగిస్తాడు. ఎవరికైనా తలనొప్పి, వికారం కనిపిస్తే మొహమాటం లేకుండా కిందికి దించుతాడు. మధ్యాహ్నం కమ్ముకొచ్చే మబ్బుల్ని ముందే లెక్కలో పెట్టుకుంటాడు.

సరస్సు చేరాక, ఎండాకాలంలో హిమనదాల నుంచి కొట్టుకొచ్చే మెత్తటి రాతిపొడివల్లే నీటికి పాలనీలి రంగు వస్తుందని గైడు వివరిస్తాడు. నగరం తాగే నీళ్లు కాబట్టి ఎవరినీ సరస్సులో దిగనివ్వడు.

కొండనూ మనిషినీ చదవగలిగిన విద్య ఇది. అల్మాటీలో వైద్యం చదువుతున్న తెలుగు పిల్లలూ, మీరు ఆ సరస్సుకు తప్పక వెళ్లండి. దారి తెలిసినవారి వెంటే వెళ్లండి, వారు ఆగమన్నచోట ఆగండి.