పి.హెచ్. మీటరు: అంకె చెప్పునది, చెప్పనిది

పమిడిముక్కల ప్రాంతపు నల్లరేగడి మాగాణి నుండి పిడికెడు మట్టి తెచ్చి, ఆరబెట్టి, నలిపి, జల్లించి, ఒక పాలు మట్టికి రెండున్నర పాళ్ళు స్వేదనజలము కలిపి పి.హెచ్. మీటరుతో పరీక్షించినచో ఒక అంకె వచ్చును. అది 8.2 అనుకొనుడు. ఆ అంకె పొలమును గూర్చినదని నివేదికలలో వ్రాయుట పరిపాటి. నిజమునకు అది బీకరులోని బురదనీటిని గూర్చినది. ఈ భేదమును మరచుటయే ఇట్టి పరిశోధనలలోని ముఖ్యలోపము.

పి.హెచ్. మానమును 1909లో కోపెన్‌హేగన్ నగరమందలి కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సోరెన్‌సన్ ప్రవేశపెట్టెను. 1934లో అమెరికాలో ఆర్నాల్డ్ బెక్‌మన్ నిమ్మరసపు పులుపును కొలుచుటకై తగిన మీటరును నిర్మించెను. ఈ మీటరు హైడ్రోజన్ అయానులను లెక్కించదు. గాజు ఎలక్ట్రోడు వద్ద పుట్టు వోల్టేజిని కొలుచును. పి.హెచ్.లో ఒక్క అంకె తేడాకు 25 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద సుమారు 59 మిల్లీవోల్టులు, 40 డిగ్రీల వద్ద 62 మిల్లీవోల్టులు వచ్చును. మీటరులోని ఉష్ణోగ్రతా సవరణ ఈ తేడాను మాత్రమే సరిచేయును. వేడికి ద్రావణములో కలిగిన మార్పును సరిచేయజాలదు.

బఫరు ద్రావణముల ఎన్నికయు అట్టిదే. 4, 7 బఫరులతో మీటరును సరిచూచి 8.5 గల మట్టిని కొలుచుట, పొడవు చాలని కొలబద్దతో గోడను కొలిచినట్లే. క్షారపు నేలలకు 9.2 బఫరు కూడ ఉండవలెను.

ఇంతకంటె పెద్ద చిక్కు వరిచేను. కాలువనీరు నిలిచిన మాగాణిలో గాలి ఆడదు. సేంద్రియ పదార్థము కుళ్ళి బొగ్గుపులుసు వాయువు పేరుకొనును; అందుచే క్షారపు మట్టి పి.హెచ్. కొన్ని వారములలో 7 వైపు దిగును. ఆమ్లపు నేలలో ఇనుప ఆక్సైడులు క్షయకరణము చెందునపుడు హైడ్రోజన్ అయానులు ఖర్చగుటచే పి.హెచ్. 7 వైపు ఎక్కును. ఆరబెట్టిన మట్టిలో ఈ స్థితి ఉండదు. కనుక బీకరులోని 8.2 వరివేరు అనుభవించు పి.హెచ్. కాదు, కోతల తరువాత ఆరిన నేలలో పెరుగు మినుముకు అది దగ్గర కావచ్చును. పొలము ఒక్కటే, పైరులు రెండు, పి.హెచ్.లు రెండు.

సముద్రతీరమున మరియొక ప్రమాదము కలదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెను. సముద్రపు నీటి పి.హెచ్. సుమారు 8, అందు లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పులుండును. సున్నము గల మంచి నేల పి.హెచ్. కూడ 8 ఉండవచ్చును. ఈ రెండింటి భేదమును పి.హెచ్. మీటరు చెప్పదు, విద్యుద్వాహకత చెప్పును. పాలచౌడుకు మంచినీటితో ఉప్పు కడిగి మురుగు తీయవలెను. కారుచౌడుకు జిప్సము వేయవలెను. రోగము తప్పు పట్టినచో రైతు డబ్బు, ఒక పంటకాలము వృథా అగును. 2015లో ఆరంభమైన సాయిల్ హెల్త్ కార్డు పథకమున 12 అంశములలో పి.హెచ్.తో పాటు విద్యుద్వాహకతను చేర్చుట సమంజసము.

మీటరు దోషి కాదు. మట్టి తడిదో పొడిదో, నీటి పాలెంతో, ఉష్ణోగ్రత ఎంతో, బఫరులేవో ప్రక్కన వ్రాయని అంకె పరిశోధన అనిపించుకొనదు. రెండవ దశాంశమునకై శ్రమించువారు ముందుగా ఈ నాలుగు మాటలు వ్రాయుట మేలు.