సంతకం లేని స్థాపకుడు

అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద జాన్ డికిన్సన్ సంతకం ఉండదు. పదకొండేళ్ళ తర్వాత, 1787లో తయారైన రాజ్యాంగం మీద ఆయన పేరు ఉంది గానీ, అది ఆయన చేత్తో రాసింది కాదు. ఒంట్లో బాగోక ముందే ఇంటికి వెళ్ళిపోతూ తన తరఫున పెట్టమని అడిగితే, తోటి డెలావేర్ ప్రతినిధి జార్జ్ రీడ్ పెట్టాడు. ఆ దేశపు పుట్టుక కథలో కూడా ఆయన దాదాపు ఇలాగే ఉంటాడు. '1776' అనే బ్రాడ్‌వే సంగీత నాటకంలో అయితే జాన్ ఆడమ్స్‌కి అడ్డం పడే పెద్దమనిషి ఆయనే.

మితవాది అనే మాటని మనం కూడా కాస్త చులకనగానే వాడతాం. 'ధైర్యం చాలనివాడు' అని దాని అసలు అర్థం. డికిన్సన్ రాతలు చదివితే ఆ అర్థం ఆయనకి అతకదు.

ఆయనకి పేరు తెచ్చింది 1767–68లో పత్రికల్లో అచ్చయిన 'పెన్సిల్వేనియా రైతు ఉత్తరాలు', మొత్తం 12. టౌన్షెండ్ చట్టాలతో బ్రిటిష్ పార్లమెంటు గాజు, కాగితం, రంగులు, సీసం, తేయాకు మీద సుంకం వేసింది. సుంకం చిన్నదే కదా అన్నారు కొందరు. చిన్నది కాబట్టే ప్రమాదం అంటాడీయన. ఇవాళ ఊరుకుంటే, అడగకుండా వసూలు చేసే హక్కుని ఒప్పుకున్నట్టే. వ్యాపారాన్ని నియంత్రించడానికి వేసే సుంకం వేరు, ఖజానా నింపుకోడానికి వేసే పన్ను వేరు అని గీత గీస్తాడు. అధికారం ఎంత మంచిదీ ఎంత చెడ్డదీ అని కాదు, ఎక్కడ ఆగాలి అని ఆయన ప్రశ్న.

రైతు అన్నది వేషమే. లోపలున్నది లండన్‌లో చదువుకొచ్చిన లాయరు. చెప్పిందే మళ్ళీ చెప్తాడు, అధోజ్ఞాపికలతో విసిగిస్తాడు. టామస్ పెయిన్ చదువుతుంటే ఎక్కే వేడి ఇక్కడ ఎక్కదు. కానీ చదివేవాడిని రెచ్చగొట్టకుండా ఒప్పించాలనుకోవడం వెనక ఒక నమ్మకం ఉంది: కోపంతో గెలుచుకున్న స్వేచ్ఛని మళ్ళీ కోపమే మింగేస్తుందని.

'క్రమబద్ధమైన స్వేచ్ఛ' అనే మాట అమెరికా సుప్రీం కోర్టు తీర్పులోకి వచ్చింది 1937లో, జస్టిస్ కార్డోజో కలం నుంచి. ఆ ఆలోచనకి డికిన్సన్ 1787 జూన్‌లోనే ఒక బొమ్మ ఇచ్చాడు. రాజ్యాంగ సభలో మాట్లాడుతూ, కొత్త వ్యవస్థని సౌరకుటుంబంతోనూ రాష్ట్రాలని తమ కక్ష్యల్లో స్వేచ్ఛగా తిరిగే గ్రహాలతోనూ పోల్చాడు. నాకా పోలికలో నచ్చేది కక్ష్య. అది గ్రహాన్ని బంధించే గోడ కాదు. కానీ ఆ లాగుడు లేకపోతే గ్రహం చీకట్లోకి కొట్టుకుపోతుంది, మరీ ఎక్కువైతే వెళ్ళి సూర్యుడిలో పడుతుంది.

1776 జూలై 1న ఆయన చేసిన ఉపన్యాసాన్ని దీని పక్కన పెట్టుకుని చదవాలి. విదేశీ మైత్రి కుదరలేదు, మనలో మనకి సమాఖ్య ఒప్పందమే లేదు, ఇప్పుడు విడిపోవడమంటే తుపానులోకి కాగితం పడవ వేసుకుని పోవడమే అన్నాడు. నాబోటి సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఈ గొంతు బాగా తెలుసు. అందరూ రిలీజ్ హడావుడిలో ఉంటే 'రోల్‌బ్యాక్ ప్లాన్ ఏదీ?' అనడిగే మనిషి గొంతు. ఆ సమాఖ్య ఒప్పందానికి మొదటి చిత్తు రాస్తున్నదీ ఆయనే.

ఆ రోజు ప్రాథమిక ఓటింగులో పెన్సిల్వేనియా ప్రతినిధులు 4–3తో స్వాతంత్ర్యాన్ని కాదన్నారు. మర్నాడు డికిన్సన్, రాబర్ట్ మోరిస్ ఓటు వెయ్యకుండా పక్కకి తప్పుకున్నారు. లెక్క 3–2గా తిరగబడి స్వాతంత్ర్యం గెలిచింది. ఆయన తన అభిప్రాయం మార్చుకోలేదు, దాన్ని అందరికీ అడ్డంగానూ నిలబెట్టలేదు. తర్వాత తన దళంతో న్యూజెర్సీకి వెళ్ళాడు, తాను వద్దన్న స్వాతంత్ర్యం కోసం యుద్ధానికి. పిరికివాడు చేసే పనులా ఇవి?

అయితే ఆయన్ని నెత్తిన పెట్టుకోవడమూ కుదరదు. మా సమ్మతి లేకుండా పన్ను వేస్తే మేం బానిసలమే అని ఉత్తరాల్లో రాసినవాడి పొలాల్లో నిజమైన బానిసలున్నారు. వాళ్ళ సమ్మతి ఎవరడిగారు? 1777లో షరతులతో, 1786కల్లా షరతుల్లేకుండా వాళ్ళని విడిపించాడు. స్థాపకుల్లో చాలామంది ఆ మాత్రం కూడా చెయ్యలేదు. అయినా ఉత్తరాలకీ విముక్తికీ మధ్య నడిచిన ఏళ్ళు ఆ బానిసల జీవితంలోవి. క్రమం ముందు, స్వేచ్ఛ తర్వాత అనే వాదంలో ఎప్పుడూ ఉండే చిక్కు ఇదే. ఆగమని చెప్పేవాడూ ఆగాల్సినవాడూ ఒకడు కాదు.

ఇంత తెలిసీ ఆయన్ని చదవమనే అంటాను. స్వాతంత్ర్య ప్రకటన ఎందుకు విడిపోవాలో చెప్తుంది. జూలై 1 ఉపన్యాసానికి మిగిలిన నోట్సు, విడిపోయాక ఏంటి అని అడుగుతుంది. పదకొండేళ్ళ తర్వాత ఫిలడెల్ఫియాలో దాదాపు నాలుగు నెలలు అందరూ తలలు పట్టుక్కూర్చున్నది ఈ రెండో ప్రశ్న దగ్గరే.