ప్రభుత్వ ప్రచార గద్యంలో కర్త: సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల నేపథ్యం

ప్రభుత్వ ప్రచారాన్ని నిజానిజాల గీటురాయిపై పరీక్షించడం పరిపాటి. సమాచార పౌరసంబంధాల శాఖ వెబ్‌సైటులోనూ జిల్లాల వెబ్‌సైట్లలోనూ వెలువడే పథకాల కథనాలకు ఆ పరీక్ష చాలదు. 2017లో మొదలైన బతుకమ్మ చీరల పథకం సిరిసిల్ల సాంచాలకు పని ఇచ్చింది. కోరుట్ల, జగిత్యాల బీడీ కార్మికులకు జీవనభృతి అందింది. ఇవి వాస్తవాలే. పరిశీలించవలసింది వాక్యనిర్మాణాన్ని.

ఈ గద్యంలో మేలు చేసే క్రియకు కర్త ప్రభుత్వం. చీర నేసినవారు, బీడీలు చుట్టినవారు ‘కు’ ప్రత్యయం చేరి ‘నేతన్నలకు’, ‘లబ్ధిదారులకు’ అవుతారు. నేతపని ఫలమైన చీర ‘కానుక’ అవుతుంది. బిల్లులు ఆలస్యమైనప్పుడు మాత్రం ‘జాప్యం జరిగింది’ వంటి వాక్యంలో కర్త కనిపించడు.

ఈ ప్రాంతానికి ప్రభుత్వ పరిభాష కొత్తది కాదు. 1978 సెప్టెంబరు 7న రైతుకూలీలు జగిత్యాల జైత్రయాత్ర జరిపారు. ఆ క్రియకు కర్తలు వారే. అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం ‘కల్లోలిత ప్రాంతాలు’గా ప్రకటించింది. ఆ పదబంధంలో మనుషులు లేరు, ప్రాంతమే ఉంది. నాటి మాటలో నింద, నేటి ‘లబ్ధిదారు’లో ఆదరం ధ్వనిస్తాయి, కర్తృత్వాన్ని తొలగించడంలో రెండూ సమానమే.

2023లో ప్రభుత్వం మారాక చీరకు ‘ఇందిరా మహిళాశక్తి’ పేరు వచ్చింది. వాక్యం పాతదే. రేపటి పరిశోధకులకు ఈ పుటలే ఆధారాలు కావచ్చు. సాంచాల కార్మికులు, బీడీ కార్మికురాళ్లు తమ పనిని తాము చెప్పుకొనే మౌఖిక కథనాలను సేకరించి వాటి పక్కన నిలపడం తెలుగు శాఖలు తక్షణం చేపట్టవలసిన పని.