సెట్ అయితదా?

మొన్న తార్నాక చౌరస్తాలో బస్సు కోసం నిలబడితే, పక్కనున్న అమ్మాయి ఫోన్‌లో తల్లికి చెబుతోంది: "అమ్మా, సెట్ క్వాలిఫై అయిన. జాబ్ ఏడ సెట్ అయితదో ఇంకా తెల్వది."

తెలుగు క్రియల మీద నా పట్టుదల ఈ కాలమ్ పాత పాఠకులకు తెలుసు. సంబంధం కుదురుతుంది, రంగు నప్పుతుంది, నగ అమరుతుంది, మనిషి స్థిరపడతాడు. ఇప్పుడు ఇవన్నీ 'సెట్' అవుతున్నాయి. ఒక్క మాట ఇన్ని మాటల కడుపు కొడుతుంటే చూస్తూ ఊరుకోలేను. ఈ వారం దాని మీదే రాద్దామని కూర్చున్నాను.

ముందు ఇంగ్లిష్‌లో దాని సంగతి చూశాను. 1989 నాటి ఆక్స్‌ఫర్డ్ మహానిఘంటువులో అన్నిటికంటే పొడుగైన పద్దు దీనిదే. క్రియగానే నాలుగు వందలకు పైగా అర్థాలు. సూర్యుడు అస్తమించినా, సిమెంటు గట్టిపడినా, బల్ల మీద కంచాలు పెట్టినా అక్కడ ఇదే మాట.

మాకు మాత్రం బడిలో ఈ మాట 'సమితి'గానే తెలుసు. తెలుగు మీడియం లెక్కల పుస్తకంలో శూన్య సమితి, ఉపసమితి, సమితుల సమ్మేళనం. మా సారు మీసాల బ్రాకెట్లు గీసి అందులో అంకెలు రాస్తుంటే, వెనక బెంచీల వాళ్లకు సమితి అంటే ఇంకోటి గుర్తొచ్చేది. మండలాలు రాకముందు ఊళ్లకు పెద్ద ఆఫీసు పంచాయతీ సమితే. సమితి ప్రెసిడెంటు జీపు వస్తే పిల్లలమంతా వెంట పరిగెత్తేవాళ్లం. ప్రపంచ దేశాలన్నీ కూడితే ఐక్యరాజ్య సమితి. 1969 ఉద్యమంలో ఉస్మానియా విద్యార్థులు రోడ్డెక్కిన కాలాన తెలంగాణ ప్రజా సమితి. 2001లో తెలంగాణ రాష్ట్ర సమితి. లెక్కల్లోకి, పాలనలోకి, పోరాటంలోకి ఒక్క సంస్కృతపు మాట నడిచొచ్చింది. దాన్ని ఎవరమూ పరాయిదనలేదు.

అట్లాంటప్పుడు సెట్‌నెందుకు తిట్టాలి? 'సెట్ అయితది', 'సెట్ జేస్తా' అనే వరస ఇంగ్లిష్‌ది కానే కాదు. మన 'అవు', 'చేయి' తగిలించుకున్నాక అది మన క్రియే. నా పాత ఫిర్యాదును ఇక్కడితో వెనక్కి తీసుకుంటున్నాను.

ఆ అమ్మాయి మాటలో నన్ను పట్టుకున్నది వేరే సంగతి. లా చదవాలంటే లాసెట్, బీఎడ్‌కు ఎడ్‌సెట్, ఎంబీఏకు ఐసెట్. ఇన్ని దాటి పీజీ చేశాక, డిగ్రీ కాలేజీలోనో యూనివర్సిటీలోనో పాఠం చెప్పే అర్హతకు మళ్లీ సెట్. ఇంగ్లిష్‌లో వీటి స్పెల్లింగులు వేరు, తెలుగులో అన్నీ ఒకటే. తెలంగాణలో ఈ చివరిదాన్ని నడిపేది ఉస్మానియా యూనివర్సిటీయే. రెండు పేపర్లు, మూడు వందల మార్కులు. గట్టెక్కితే చేతికొచ్చేది అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత పత్రం, ఉద్యోగం కాదు. ఆ పత్రానికి గడువు లేదు. హాస్టల్ గదుల్లో, రీడింగ్ రూముల్లో దాన్ని పెట్టుకుని ఎదురుచూసే పిల్లల వయసుకు ఉంది.

మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ అధ్యాపకుల మీద నడుస్తున్న తరగతులు చాలా. వాళ్లలో సెట్, నెట్, పీహెచ్‌డీ మూడూ ఉన్నవాళ్లున్నారు. అర్హత పరీక్ష పెట్టే ప్రభుత్వానికి ఆ అర్హతకు తగిన కొలువు చూపే బాధ్యత కూడా ఉంది. ఖాళీగా ఉన్న అధ్యాపక పోస్టులకు నోటిఫికేషన్ ఇవ్వండి, ఇచ్చినదాన్ని కోర్టుల్లో చిక్కుకోకుండా పూర్తి చేయండి.