ఊరుకున్న అతిథి

ప్లేటో సంభాషణలు చదివేటప్పుడు నాకో అలవాటుంది. మాట్లాడుతున్నవాణ్ని కాసేపు వదిలేసి, ఊరుకున్నవాళ్ల మీద ఓ కన్నేసి ఉంచుతాను. పద్యనాటకాలు చూసే రోజుల్లో పట్టుకున్న అలవాటిది. ఒకరు రాగం తీస్తుంటే నా చూపు పక్కన నిలబడ్డ పాత్రధారి ముఖం మీద ఉండేది. ప్లేటో రాసింది తత్వశాస్త్రమే గానీ, రాసిన తీరు నాటకం. సంభాషణల్లో ఆయన తన గొంతుతో ఒక్క మాటా అనడు.

సముద్రంలో మునిగిపోయిందనే అట్లాంటిస్ ద్వీపం కథనూ అలాగే చదవాలి. క్రీ.పూ. 360 ప్రాంతంలో రాసిన ‘టిమేయస్’, ‘క్రిటియస్’ సంభాషణలే దానికి మూలం. కథ చెప్పేది క్రిటియస్ అనే ఏథెన్స్ పెద్దమనిషి. తనకు పదేళ్లప్పుడు, తొంభైకి దగ్గరపడిన తాత చెప్పాడట. తాతకు అది ఏథెన్స్ శాసనకర్త సోలన్ వల్ల తెలిసింది. సోలన్‌కు చెప్పింది ఈజిప్టులో సాయిస్ నగరపు పూజారి. జరిగిందేమో అప్పటికి 9,000 ఏళ్ల కిందట! ఇక కొలతలు. అట్లాంటిస్ మైదానం చుట్టూ తవ్విన కాలువ లోతు 100 అడుగులు, పొడవు 10,000 స్టేడియాలు, అంటే మన లెక్కలో 1,800 కిలోమీటర్ల పైమాటే. ఇది నమ్మశక్యంగా లేదని క్రిటియసే ఒప్పుకుని, విన్నది విన్నట్టు చెప్పక తప్పదంటాడు. అనుమానం కూడా తనే పడితే, వినేవాళ్లకు అడగడానికేం మిగిలింది? కథలు రాసేవాళ్లు కాస్త ఆగి చూడాల్సిన చోటిది.

వింటున్న సోక్రటీస్ కూడా అడగడు. మరో సంభాషణలో భక్తి అంటే ఏమిటని యూథిఫ్రోను ఊపిరాడనివ్వని మనిషి, ఇక్కడ ఇది కల్పన కాదు, నిజమేనని సంబరపడిపోతాడు. ఆ మెచ్చుకోలే నాకు అనుమానం. ముందురోజు తాను వర్ణించిన ఆదర్శ నగరాన్ని యుద్ధంలో కదులుతుండగా చూడాలని ఆయనే కోరాడు మరి. కథ సరిగ్గా ఆ కోరికకు తగ్గట్టు వచ్చింది. ఇందులో నాయకస్థానం ప్రాచీన ఏథెన్స్‌ది. అట్లాంటిస్ సిరితో కళ్లు నెత్తికెక్కి దండెత్తిన సముద్ర సామ్రాజ్యం, అంటే ప్రతినాయకి. 1882లో అమెరికన్ రచయిత ఇగ్నేషియస్ డానెలీ పుస్తకమేమో దాన్నే నాగరికతలన్నిటికీ పుట్టిల్లు చేసేసింది.

అసలు చూడాల్సింది, వింటున్నవాళ్లలో మరొకడైన హెర్మోక్రటీస్‌ను. ఈయన సిసిలీలోని సిరక్యూస్ నగర సేనాని. క్రీ.పూ. 415లో ఏథెన్స్ భారీ నౌకాదళంతో సిసిలీ మీదికి వెళ్లింది, 413కల్లా సర్వనాశనమైంది. దాన్ని ఎదిరించినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సిన పేరు ఈయనదే. ప్లేటో నాటి పాఠకులకు ఆ పేరు వింటే చాలు, ఆ ఓటమి గుర్తొస్తుంది. సముద్రబలంతో మిడిసిపడ్డ రాజ్యాన్ని మా పూర్వులు ఎలా మట్టికరిపించారో అని ఒక ఏథెన్స్ పెద్దమనిషి చెప్పుకుపోతుంటే, వింటున్నది ఎవరు? రెండు సంభాషణల్లోనూ ఈయన మాటలు నాలుగైదుకు మించవు. వాటిలో ఒకటి, క్రిటియస్ జంకుతుంటే, పిరికివాళ్లు విజయచిహ్నం నిలబెట్టిన దాఖలా లేదని ముందుకు తోయడం. ఆ మాట ఈయన నోటే పెట్టడంలో ప్లేటో గడుసుతనమంతా ఉంది.

కథ యుద్ధం దాకా రాదు. జ్యూస్ దేవతలను సమావేశపరచి నోరు తెరవబోతుండగా, వాక్యం మధ్యలో ‘క్రిటియస్’ ఆగిపోతుంది. తర్వాతి వంతు హెర్మోక్రటీస్‌దని సోక్రటీస్ ముందే చెప్పాడు. ఆ పేరుతో సంభాషణ మాత్రం లేదు. మునిగిన ద్వీపం ఎక్కడుందోనని వెతికేవాళ్లు వెతకనీ. ఏథెన్స్ వాళ్ల మధ్య కూర్చుని ఈయన ఏం చెప్పి ఉండేవాడన్నదే నాకు కావాలి.