నాలుగు ఎందుకు, ఒకటి ఎందుకు కాదు?

గంజాయి మానిపించే కౌన్సెలింగ్ అంటే మన ఇళ్లలో ఒక ఊహ ఉంది. పెద్దమనిషి ఒకరు ఎదురుగా కూర్చుని నాలుగు మంచి మాటలు చెబుతారు, కుర్రాడు తలవంచుకుని వింటాడు, అమ్మానాన్నలు బయట బెంచీ మీద ఎదురుచూస్తారు. ఆ నాలుగు మాటలూ ఇంట్లో అప్పటికే వందసార్లు అయిపోయి ఉంటాయి. అవే పనిచేసేవైతే ఇక్కడిదాకా వచ్చే అవసరమే ఉండేది కాదు. బాగా నేర్చినవారి గదిలో జరిగే పని వేరు. ఏ ప్రశ్న ముందు అడగాలి, ఏ మాట దగ్గర ఆగాలి, ఏ వారం ఏం నేర్పాలి అన్నీ ఆలోచించి కుదిర్చిన పనితనం అది. దగ్గర నుంచి చూస్తే ముచ్చటేస్తుంది.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి చైతన్యపురి, కొత్తపేటల మీదుగా ఎల్బీ నగర్ చౌరస్తా దాకా ఉన్న దారి ఈ పనితనానికి గట్టి పరీక్ష. గ్రూప్స్‌కో, బ్యాంకు పరీక్షలకో, సాఫ్ట్‌వేర్ కోర్సుకో జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు ఇక్కడ హాస్టల్ గదుల్లో ఉంటారు. ఇంటివాళ్ల కన్ను ఉండదు, పరీక్ష భయం వదలదు, గదిలో ఇంకో ఇద్దరు ముగ్గురు ఉండనే ఉంటారు. పైగా విజయవాడ హైవే నగరంలోకి వచ్చేది ఎల్బీ నగర్ మీదుగానే. ఆంధ్ర, ఒడిశా సరిహద్దు కొండల్లోంచి దిగిన సరుకు పట్టుబడిన వార్తల్లో ఈ దారి తరచూ కనిపిస్తుంది. దేశం మొత్తం మీద చూస్తే, 2019లో వెలువడిన ఎయిమ్స్ సర్వే ప్రకారం గంజాయి జాతి మత్తుల వల్ల ఇబ్బందిపడి సాయం అవసరమైనవారు సుమారు 72 లక్షలు.

మద్యానికి, నల్లమందు జాతి మత్తులకు వైద్యంలో వాడే మందులు కొన్ని ఉన్నాయి. గంజాయి అలవాటును మానిపించేదిగా ఆమోదం పొందిన మందు ఇప్పటిదాకా లేదు. కాబట్టి బరువంతా మాట మీదే పడింది. ఆ మాటను ఒక క్రమంలో పెట్టి పరీక్షించిన పెద్ద ప్రయత్నం అమెరికాలో జరిగింది. మూడు నగరాల్లో 450 మంది పెద్దవాళ్లతో చేసిన ఆ అధ్యయనం 2004లో అచ్చయింది. కొందరికి రెండు సెషన్లు, కొందరికి పన్నెండు వారాల్లో తొమ్మిది సెషన్లు, మిగిలినవారికి కొంతకాలం వేచి ఉన్నాక చికిత్స. ఆ తొమ్మిది సెషన్ల పద్ధతి మరుసటి ఏడాది చేతిపుస్తకంగా వచ్చింది. మొదటి సెషన్లు మానాలన్న కోరికను బయటికి తీయడానికి, ఆ తర్వాతివి మానే నేర్పు అలవరచడానికి.

కోరికను బయటికి తీసే విద్యకు మూలపురుషుడు విలియం మిల్లర్. 1982లో ఆయన నార్వేలోని ఒక క్లినిక్‌లో ఉన్నప్పుడు అక్కడి యువ సైకాలజిస్టులు ఆయన మాట్లాడే తీరు చూపించమన్నారు. చూపిస్తుంటే మధ్యమధ్యలో ఆపి, ఈ ప్రశ్నే ఎందుకు అడిగారు, ఆ మాటే ఎందుకు పట్టుకున్నారు అని నిలదీశారు. చేతికి వచ్చిన పనికి అప్పుడు ఆయన సూత్రాలు రాసుకోవాల్సి వచ్చింది. 1983లో వ్యాసమైంది, 1991లో స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి పుస్తకమైంది.

ఆ సూత్రాలు పనిచేసే తీరు చూడటానికి చైతన్యపురి హాస్టల్ కుర్రాణ్ని ఒకణ్ని ఊహించుకుందాం. ఇంట్లోవాళ్లు బలవంతంగా తెచ్చారు.

"మానేయడం నీకు ఇప్పుడు ఎంత ముఖ్యం? సున్నా నుంచి పదిలో ఒక అంకె చెప్పు."

"నాలుగు అనుకోండి మేడమ్."

"నాలుగా. మరి ఒకటి ఎందుకు కాలేదు?"

"ఒకటంటె ఎట్ల మేడమ్... పొద్దుగాల లేవబుద్ధి అయితలేదు. రెండు మాక్ టెస్టులు పోయినయ్. అమ్మ ఫోన్ చేస్తె ఎత్తబుద్ధి అయితలేదు."

పని అంతా ఆ రెండో ప్రశ్నలో ఉంది. "పది ఎందుకు కాదు?" అని అడిగి ఉంటే కుర్రాడు గంజాయి తరఫున వకాల్తా పుచ్చుకునేవాడు: అందరూ కొడుతున్నారు, అది మొక్కే కదా, సిగరెట్ కన్నా నయం. ఒకటి దగ్గర నుంచి అడగడంతో మానడానికి కారణాలు అతని నోటి నుంచే వచ్చాయి. ఇంకొకరు చెప్పిన కారణంతో వాదించవచ్చు, తాను చెప్పిన కారణంతో వాదించడం కష్టం.

ఇంతకన్నా సన్నని పని ఒకటుంది. విన్నదాన్ని తిరిగి అప్పజెప్పేటప్పుడు కౌన్సెలర్ రెండు వైపులూ చెబుతుంది, కానీ వరుస చూసుకుని చెబుతుంది. "అది కొడితే రాత్రి గుబులు తగ్గుతోంది. అదే సమయంలో పొద్దున్న లేవలేకపోతున్నావు, అమ్మ ఫోన్ తప్పించుకుంటున్నావు." మానాలనిపించే సంగతి చివర ఉంటుంది. వాక్యం ఎక్కడ ఆగితే అవతలి మనిషి అక్కడి నుంచే అందుకుంటాడు. సంగతులు తిరగేసి చెబితే అదే కుర్రాడు గుబులు గురించే ఇంకో పది నిమిషాలు మాట్లాడతాడు.

తర్వాత కాగితం బయటికి వస్తుంది. గత మూడు నెలల్లో ఎన్ని రోజులు కొట్టాడు, నెలకు ఎంత ఖర్చయింది, ఏయే ఇబ్బందులు వచ్చాయి, మానడానికి అతనిచ్చిన కారణాలేమిటి అన్నీ అతని జవాబుల్లోంచే తీసిన నివేదిక అది. కొలతలు తీసుకోకుండా కత్తెర పట్టని దర్జీ తీరు ఇది. తిట్టు ఉండదు, భయపెట్టడం ఉండదు. అంకెలు చూపించి "ఏమనిపిస్తోంది?" అని అడిగి ఊరుకోవడమే.

మూడో సెషన్ నుంచి నేర్పు మొదలవుతుంది. ఐదు గళ్ల పట్టిక ఒకటి ఇస్తారు: ఎక్కడ ఎవరితో ఉన్నప్పుడు, మనసులో ఏముంది, ఏం చేశాడు, దానివల్ల కలిగిన మంచి, కలిగిన చెడు. మన కుర్రాడు ఒక వరుస ఇలా నింపాడనుకుందాం. ఆదివారం రాత్రి హాస్టల్ టెర్రస్ మీద, ఇద్దరు రూమ్మేట్లతో. మాక్ టెస్టులో మార్కులు పడిపోయాయి, ఇంటికి ఏం చెప్పాలోనని దిగులు. ఒక జాయింట్. గంటసేపు దిగులు లేదు, నిద్ర పట్టింది. సోమవారం క్లాసు పోయింది.

ఇందులో నాకు బాగా నచ్చేది నాలుగో గడి. బుద్ధులు చెప్పేవారెవరూ ఆ గడి గీయరు. గంజాయివల్ల మంచి జరిగిందని రాయించడమా అంటారు. కానీ అది అతనికి ఏ పని చేసిపెడుతోందో తెలియకుండా ఆ పనికి ఇంకో దారి చూపలేం. ఈ కుర్రాడికి అది నిద్రమాత్ర, దిగులుకు మూత. కాబట్టి ఆదివారం రాత్రికి, మార్కులొచ్చిన రోజుకు, నిద్రకు విడివిడిగా ఏర్పాటు కావాలి. ఇంకొకరికి అది స్నేహితుల గుంపులో చోటు కావచ్చు. అప్పుడు ఏర్పాటు మొత్తం మారిపోతుంది.

మొదటి రెండు వారాల సంగతి ముందే చెప్పిపెట్టడం కూడా ఈ పనితనంలో భాగమే. ఎక్కువగా వాడేవారికి మానిన ఒకటి రెండు రోజుల్లో చిరాకు, నిద్రలేమి, ఆకలి మందగించడం మొదలవుతాయి. మొదటి వారంలో తారస్థాయికి చేరి, రెండు వారాల్లో చాలావరకు సర్దుకుంటాయి. నిద్ర ఇబ్బంది, విపరీతమైన కలలు ఇంకొంతకాలం ఉండవచ్చు. ముందే తెలిసినవాడు నాలుగో రాత్రి "అది లేకపోతే నేను బతకలేను" అనుకోడు, "చెప్పిందే వచ్చింది" అనుకుంటాడు. తపన లేచినప్పుడు దాంతో కుస్తీ పట్టకుండా, అది ఒంట్లో ఎక్కడ మొదలై ఎలా పెరిగి ఎలా తగ్గుతోందో గమనించమంటారు. సాధారణంగా అరగంట లోపే అది దిగిపోతుంది.

వద్దని చెప్పడం గదిలో నటించి నేర్పుతారు. కౌన్సెలరే రూమ్మేట్ అవుతుంది. "ఇయ్యాల వద్దన్నా, తలనొస్తుంది" అన్నాడనుకోండి, రేపటికి పిలుపు తానే ఇచ్చినట్టు. "వద్దన్నా, మానేసిన. చాయ్‌కి పోదాం పా" అంటే తలుపూ మూసుకుంటుంది, స్నేహమూ చెడదు. కంటిలోకి చూసి, సాకు చెప్పకుండా, గొంతు తడబడకుండా ఆ ఒక్క మాట వచ్చేదాకా మళ్లీ మళ్లీ చేయిస్తారు.

జారిపడే రోజుకూ లెక్క ఉంది. ఒకసారి కొట్టగానే "ఎలాగూ పోయింది, ఇంకెందుకు" అనే ఆలోచన మొదటి జాయింట్ కంటే ఎక్కువ నష్టం చేస్తుందని సైకాలజిస్టు అలన్ మార్లాట్ 1980ల్లోనే పట్టుకున్నారు. అందుకే జారుడును నేరంలా విచారించరు. పట్టికలో ఇంకో వరుసగా రాయిస్తారు, ఏ గడిలో ఏర్పాటు తప్పిందో వెతుకుతారు.

ఈ నేర్పుకు జోడించిన ఇంకో పద్ధతి బహుమతి కూపన్లు. అలన్ బడ్నీ బృందం 2006లో అచ్చువేసిన ప్రయోగంలో వారానికి రెండుసార్లు మూత్ర పరీక్ష చేసి, గంజాయి జాడ లేకపోతే కూపన్ ఇచ్చారు. వరుసగా నిలబడేకొద్దీ విలువ పెరుగుతుంది, తప్పితే మళ్లీ మొదటికి వస్తుంది. గంజాయి సారం కొవ్వులో నిలిచిపోయి మానేశాక కూడా వారాల తరబడి మూత్రంలో కనిపిస్తుంది కనుక, మొదటి రెండు వారాల పరీక్షతో బహుమతిని ముడిపెట్టలేదు. శరీరం గతాన్ని వదిలించుకునేదాకా మనిషిని శిక్షించకూడదన్న ఆ చిన్న జాగ్రత్త మెచ్చుకోదగ్గది. చికిత్స జరుగుతున్నప్పుడు మానిపించడంలో కూపన్లు ముందున్నాయి, ఆ తర్వాత నిలబెట్టడంలో నేర్పు కూడా తోడైనవారు మెరుగ్గా ఉన్నారు.

ఇంత పనితనం ఉన్నా గెలుపు అందరిదీ కాదు. 2004 అధ్యయనంలో నాలుగు నెలలకు పూర్తిగా మానినవారు తొమ్మిది సెషన్లవారిలో సుమారు 23 శాతం, రెండు సెషన్లవారిలో 9, వేచి ఉన్నవారిలో 4. పూర్తిగా మానకపోయినా వాడకం తగ్గించినవారు ఇంకా ఉన్నారు. లేని గొంతులు వినిపించడం, అకారణమైన అనుమానాలు మొదలైతే ముందు సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లాలి, పట్టికలు ఆ తర్వాత.

కేసవుతుందేమోనన్న భయం చాలామందిని గుమ్మం దాకా రానివ్వదు. అయితే 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోనే 64ఎ సెక్షన్ ఉంది. వాడకం కేసు గానీ, కొద్ది పరిమాణం కేసు గానీ ఉన్న వ్యసనపరుడు ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట తనంతట తాను చికిత్సకు చేరి పూర్తిచేస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ దొరుకుతుంది. ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కినవారు రైలు మారకుండానే ఎర్రగడ్డలో దిగి ప్రభుత్వ మానసిక చికిత్సాలయానికి వెళ్లవచ్చు. ఫోన్‌లో మాట్లాడాలంటే మత్తు విముక్తికి 14446, మానసిక సాయానికి టెలీ మానస్ 14416 ఉన్నాయి.

ఎక్కడ చేర్చినా తల్లిదండ్రులు ముందు మూడు ప్రశ్నలు అడగాలి. మొదటి రోజు మా అబ్బాయిని ఏం అడుగుతారు? వారం వారం అతనితో ఏం రాయిస్తారు, ఏం సాధన చేయిస్తారు? మధ్యలో మళ్లీ ఒకసారి తాగితే ఏం చేస్తారు? మూడింటికీ తడుముకోకుండా జవాబు చెప్పినవారికి పని వచ్చు. మూడోదానికి "బయటికి పంపేస్తాం" అన్నవారికి మాత్రం పిల్లవాణ్ని అప్పగించకండి. ఈ విద్య అక్కరకొచ్చేది సరిగ్గా ఆ రోజే.